బాగున్న బోర్డు మార్చిన వారం

టీవీలూ ప్లేయర్లూ రిపేరు చేసే ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో నేను మార్చిన బోర్డులకి లెక్క లేదు. మార్చకుండా ఉండాల్సిన బోర్డు మాత్రం, నాకు తెలిసినంతలో, ఒక్కటే. తెలియనివి ఎన్నున్నాయో ఆ సింహాద్రి అప్పన్నకే ఎరుక.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ ఒక్క బోర్డు సంగతి మీకు చెప్పాలని కూర్చున్నాను. నన్ను చూసి నేర్చుకోమని కాదు. ఈ వయసులో పొద్దున్నే గాజువాక మార్కెట్టుకి వెళ్ళి కూరలు తెచ్చుకుని, రెండో టీ తాగుతూ కూర్చుంటే నవ్వు తెప్పించే పాత సంగతులు కొన్నే ఉంటాయి. వాటిలో ఇదొకటి. దీని గురించి నవ్వుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది, అది వేరే మాట.

నేను టేపురికార్డర్ల కాలంలో చేరినవాణ్ణి. తర్వాత వీసీఆర్ వచ్చింది, సీడీ వచ్చింది, డీవీడీ వచ్చింది, చివర్లో బ్లూరే వచ్చింది. ఏది వచ్చినా మూత విప్పి, లోపల ముక్కు పెట్టి, కాలిన వాసన ఎక్కణ్ణించి వస్తోందో పట్టేసేవాణ్ణి. మా సర్వీస్ సెంటర్లో నన్ను ‘కుక్క ముక్కు’ అనేవారు. అది పొగడ్తేనని ఇప్పటికీ నా నమ్మకం.

అలాంటివాడి నెత్తిన నెట్‌వర్క్ వచ్చి పడింది. డిస్క్ ప్లేయర్ వెనకాల వైరు గుచ్చే కన్నం ఒకటి పెట్టారు. ఇంటర్నెట్ వైరు తెచ్చి అందులో గుచ్చితే మామూలు టీవీలో కూడా నెట్లో వచ్చే వీడియోలు చూడొచ్చన్నారు. ఖరీదైన ప్లేయర్లకి వైఫై ఉండేది, చవక వాటికి వైరే గతి. ఇదంతా నేర్పడానికి కంపెనీ వాళ్ళు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. మొదటి రోజు మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు. ఆ తర్వాత ఏం చెప్పారో నాకు తెలీదు. ఆ ఏసీ గదిలో గురక పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు గానీ, మొదట మొదలుపెట్టింది నేనేనని మా కొలీగ్ ఒకడు ఊరంతా చెప్పాడు.

తెలియకపోతే అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు. కానీ మా సెంటర్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరైనా ఇంకొకరిని సందేహం అడిగితే ఆ సాయంత్రం అందరికీ మిరపకాయ బజ్జీలు అడిగినవాడే తేవాలి. సరదాకి మొదలైంది. పోనుపోను అది పెద్ద పరువు సమస్య అయి కూర్చుంది. బజ్జీల పొట్లం పట్టుకుని లోపలికి వచ్చేవాణ్ణి చూసి అందరూ చప్పట్లు కొట్టేవారు. సీనియర్ని కదా, నేను తినేవాణ్ణే గానీ తెచ్చేవాణ్ణి కాదు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా తేలేదు. ఎంత గర్వంగా చెప్పుకునేవాణ్ణో!

ఇది జరిగి పదేళ్ళవుతుంది. ఒక బుధవారం పొద్దున కాల్స్ రాసుకునే అమ్మాయి నాకు చీటీ ఇచ్చింది. ఆ అమ్మాయిది శ్రీకాకుళం దగ్గర వ్యవసాయ కుటుంబం, కంచరపాలెంలో పిన్ని గారింట్లో ఉండి మా దగ్గర పని చేసేది. నన్ను బాబాయ్ అనేది.

“జాలరిపేట బాబాయ్. డిస్క్ ప్లేయరుకి నెట్టు రావట్లేదంట. ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసీసింది. బేగెళ్ళండి.”

“నెట్టు రాకపోతే నెట్టువాణ్ణి పిలవాలి, నన్నెందుకు?”

“నాను కూడా అదే అన్నాను. ‘మిసను మీది, వైరు ఆళ్ళది, సూడాల్సింది నాను’ అన్నాది. ఇంక నాను సీటీ రాసీసినాను.”

జాలరిపేటలో రెండు గదుల ఇల్లు. గుమ్మం పక్కన చేపల బుట్ట కడిగి బోర్లించి ఉంది. ఆవిడ అప్పుడే అమ్మకం ముగించుకుని వచ్చినట్టుంది, జుట్టు ముడి కూడా సరిచేసుకోలేదు. యాభై దాటని మనిషి. గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపించే గొంతు.

“మిసను బాబువేటి? రా బాబూ. సెప్పులిప్పక్కర్నేదు, ఇక్కడంతా ఇసకే.”

ఇనప స్టాండు మీద లావుపాటి పాత టీవీ. దాని పక్కన ప్లేయరు. అట్టపెట్టెకి కట్టిన ఎర్ర రిబ్బను ఇంకా విప్పకుండా గోడకి వేలాడదీశారు. ఏమిటని అడిగాను.

“నా కూతురు గుంటకి ప్రైజొచ్చినాది బాబూ. బరువులెత్తుతాది. పోటీలో పస్టొత్తే ఈ మిసనిచ్చినారు.” ఆవిడ నేల మీద చతికిలబడింది. “మంగళారం పెద్ద పోటీ, దేశం మొత్తానికి. నెట్లో సూపిత్తారంట. ఇదే ఆకరిది బాబూ. మోకాలు పాడైపోనాది, డాక్టరు ఇంక ఎత్తొద్దన్నాడు. ఈ పాలికి ఎత్తీసి మానేత్తాను అమ్మా అన్నాది. ఆరేళ్ళ బట్టి ఎత్తుతున్నాది. నాను ఒక్కపాలి కూడా సూడనేదు.”

“ఒక్కసారి కూడానా?”

“ఎలాగ సూత్తాను? తెల్లారి అది పేక్టీసుకెల్తాది, నాను రేవుకెల్తాను. పోటీలన్నీ పరాయూళ్ళో. నానెల్పోతే నా బుట్ట ఎవులు మోత్తారు? మాయన బోటు మీదెల్తే పది రోజులకి గానీ రాడు.” ఆవిడ నా మొహంలోకి చూసింది. “మంగళారం నాటికి సేసీ బాబూ. ఆకరిపాలి కదా, కళ్ళారా సూత్తాను.”

నెట్టు కనెక్షను ఎవరిదని అడిగాను. ఆ పేటకి కేబుల్ నడిపే భాయ్ ఒకాయన ఉన్నాడు, పట్నంలో పాత ఊరు వైపు వాడు. మన పేట పిల్ల అని చెప్పి, పైసా పుచ్చుకోకుండా నెట్ వైరు లాగించి ఇచ్చాడట. వైరు కిటికీలోంచి వచ్చి ప్లేయరు వెనకాల బుద్ధిగా గుచ్చి ఉంది.

ప్లేయర్లో నెట్‌వర్క్ పరీక్ష అని ఒకటుంటుంది. నొక్కాను. మూడు గడులు వచ్చాయి. వైరు తగిలిందా అన్నదానికి పచ్చ టిక్కు. అడ్రసు దొరికిందా అన్నదానికి పచ్చ టిక్కు. ఇంటర్నెట్ ఉందా అన్నదానికి ఎర్ర ఇంటూ.

సముద్రం ఒడ్డున పని చేసినవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. అక్కడి గాలికి ఏ పిన్ను చూసినా పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కన్నంలోకి టార్చి వేసి చూస్తే కొంచెం పచ్చగానే ఉంది. బ్రష్షుతో తోమాను, స్పిరిట్ పెట్టి తుడిచాను. ఎర్ర ఇంటూ. నా సంచిలోని కొత్త వైరు వేశాను. ఎర్ర ఇంటూ. ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పటి సెట్టింగులకి తెచ్చాను. ఎర్ర ఇంటూ నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టే ఉంది.

అక్కడ నేను ఆగాలి. ఆ భాయ్‌కి ఒక్క ఫోను చేసి, “మీ లైన్లో కొత్త మిషను పెట్టాలంటే ఏం చెయ్యాలి?” అని అడగాలి. అడిగితే ఆ పూటే పనైపోయేది. కానీ కేబుల్ వైర్లు లాగే మనిషిని నేను సందేహం అడగడమా? మా వాళ్ళనే అడగనివాణ్ణి! చిలుము కన్నంలో ఉంటే బోర్డు మీద కూడా ఉంటుంది, నెట్‌వర్క్ సెక్షన్ పోయి ఉంటుంది అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

“బోర్డు పోయిందమ్మా,” అన్నాను, డాక్టర్లా.

ఆవిడ మొహం వాడిపోయింది. “కొత్తది కదా బాబూ, అప్పుడే పోనాదా?”

“ఉప్పు గాలి తల్లీ. కొత్త బోర్డు చెన్నై నుంచి రావాలి. సోమవారానికి వచ్చేస్తుంది. వారంటీలో ఉంది కాబట్టి మీకు ఖర్చేం ఉండదు.”

“సోమారం... మంగళారం పోటీ.” వేళ్ళు మడిచి చూసుకుంది. “సాలు బాబూ. ఒక్కరోజు ముందొత్తే సాలు.”

ఆ మాట విని నేను ఛాతీ విరుచుకుని బండి ఎక్కాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఛాతీ మీద నాలుగు గుద్దాలనిపిస్తుంది.

బోర్డు సోమవారం మధ్యాహ్నం వచ్చింది. తిన్నగా జాలరిపేట వెళ్ళి, ప్లేయరు విప్పి, పాత బోర్డు తీసి కొత్తది బిగించాను. చేతిపనిలో నాకు వంక పెట్టేవాడు లేడు. పావుగంటలో మూత బిగించేశాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పరీక్ష నొక్కాను. పచ్చ టిక్కు. పచ్చ టిక్కు.

ఎర్ర ఇంటూ.

ఆవిడ తిట్టినా బాగుండేది. గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చి, “రేపొత్తావు కదా బాబూ?” అంది.

“వస్తానమ్మా. పొద్దున్నే వస్తాను.”

సెంటరుకి తిరిగి వెళ్తే నా గురక సంగతి ఊరంతా చెప్పిన కొలీగ్ ఎదురొచ్చాడు. వాడికీ నాకూ చుట్టరికమేం లేదు గానీ, పాతికేళ్ళుగా బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

“ఏటి బావా, మొహం అలగుంది? ఎవులైనా కొట్టినారేటి?”

“ఎండ బావా,” అని సంచి సర్దుకున్నాను.

మంగళవారం పొద్దున నేను తిన్నగా పాత ఊరు వెళ్ళాను. కేబుల్ భాయ్ ఆఫీసు ఒక సందులో మేడ మీద గది. నిండా వైర్లు, దీపాలు మిణుకుమిణుకుమంటున్న డబ్బాలు. నేను గుమ్మంలోంచే అందుకున్నాను.

“ఏం భాయ్, పేరుకి ఊరికే ఇచ్చారు, లైన్లో నెట్టే లేదు. పాపం ఆవిడ వారం రోజుల బట్టి ఎదురుచూస్తోంది!”

ఆయన తాపీగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అరె భాయ్, కూసోండి ముందు. లైను పక్కాగా ఉంది. మావాడు లాప్‌టాప్ పెట్టి చూసే వచ్చినాడు. మీ మిషను నంబరు ఇచ్చినారా నాకు?”

“ఏం నంబరు?”

ఆయన నన్ను పైనుంచి కిందకి చూశాడు. “ప్రతి మిషనుకీ సొంత నంబరు ఉంటాది కదా భాయ్. నా దగ్గర ఏ నంబరు రాసుంటే ఆ మిషనుకే నెట్టు వదుల్తాను. లేకపోతే ఒక కనెక్షను తీసుకుని వీధంతా వాడుకుంటారు. ఇప్పుడు ఆ లైనుకి మావాడి లాప్‌టాప్ నంబరే ఉంది. మీ ప్లేయర్ నంబరు చెప్పండి, రెండు నిమిషాల పని. బుధవారమే ఫోను చేస్తే బుధవారమే అయిపోయేది.”

రెండు నిమిషాల పని. నేను చెన్నై నుంచి బోర్డు తెప్పించాను.

“చాయ్ తాగి వెళ్ళండి భాయ్.”

“వద్దు భాయ్,” అని మెట్లు దిగేశాను.

జాలరిపేట చేరేసరికి పదకొండు దాటింది. ఆవిడ ఆరోజు బుట్ట ఎత్తలేదు. నాకు ఆ సంగతి గుమ్మంలో అడుగు పెట్టగానే అర్థమైంది, ఎందుకంటే తలంటు పోసుకుని, జరీ అంచు చీర కట్టుకుని, టీవీ ముందు చాప వేసుకుని కూర్చుంది. వీధిలో ఆడవాళ్ళు పదిమంది దాకా అప్పటికే కూర్చున్నారు. ఒకామె తన తమ్ముడి టచ్ ఫోను తెచ్చింది గానీ అందులో గుండ్రం తిరుగుతోందే తప్ప బొమ్మ రావడం లేదు. అప్పటి ఫోన్లలో నెట్టు అలాగే ఉండేది, మీకు తెలీదు.

నేను ప్లేయరు వెనక్కి తిప్పాను. స్టిక్కరు మీద మోడలు, సీరియల్ నంబరు, దాని కింద పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు. భాయ్‌కి ఫోన్ చేసి ఒక్కొక్కటే చదివాను. ఆయన తిరిగి చదివాడు. సరిపోయింది.

“ఎక్కించినాను భాయ్. ఆపి ఆన్ చెయ్యండి.”

ఆపి ఆన్ చేశాను. పరీక్ష నొక్కాను. టిక్కు, టిక్కు, ఇంటూ.

మళ్ళీ ఫోను. మళ్ళీ చదివాను. మళ్ళీ ఇంటూ. మూడోసారి భాయ్‌కి కూడా విసుగొచ్చింది. “భాయ్, నా దగ్గర అంతా కరెక్టుగా ఉంది. మీ మిషనులోనే లోపం ఉంది,” అన్నాడు. మిషనులో లోపం! నిన్ననే కొత్త బోర్డు వేసిన మిషనులో! నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయి ఫోను పెట్టేశాను.

వెనకనుంచి ఆవిడ గొంతు మెల్లగా వినిపించింది. ఆ గొంతు మెల్లగా రావడం అదే మొదటిసారి.

“బాబూ, దాని వంతు ఒంటిగంటకంట. అవుతాదా అవదా, ఉన్నమాట సెప్పీ.”

నేను బయటికి వచ్చేశాను. ఇంటి పక్కన వల ఆరేసిన గోడ దగ్గర నిలబడి, పాతికేళ్ళలో చెయ్యని పని చేశాను. సెంటరుకి ఫోన్ చేసి, కాల్స్ రాసుకునే అమ్మాయిని అడిగాను. ఎందుకు ఆ అమ్మాయినే అడిగానంటే, వాళ్ళ పిన్ని గారింట్లో నెట్టు పెట్టుకున్నప్పుడు అన్నీ తనే చేసుకున్నానని ఒకసారి చెప్పింది. బావని అడిగే ధైర్యం నాకు అప్పటికీ లేదు.

“అమ్మా, నాకో సందేహం ఉంది.”

“బజ్జీల మాట తర్వాత సూద్దాం బాబాయ్, ముందు సెప్పండి.”

అంతా చెప్పాను. ఆ అమ్మాయి మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా విని, చివర్లో అడిగింది.

“నంబరు ఎక్కడ సూసి సదివారు బాబాయ్?”

“వెనకాల స్టిక్కరు మీద. ఇంకెక్కడ?”

“బోర్డు మార్సీసారు కదా?”

“ఆ.”

“ఆ నంబరు బోర్డుకుంటాది బాబాయ్, పెట్టెకి కాదు. పాత బోర్డు నంబరు స్టిక్కరు మీదుంది. కొత్తదాని నంబరు టీవీలో కనిపిత్తాది. నెట్‌వర్క్ మెనూలో కిందకి దిగండి.”

టీవీ దగ్గరికి పరిగెత్తాను. కిందకి దిగాను. ఉంది. పన్నెండు అక్షరాలు. మొదటి ఆరూ స్టిక్కరు మీదవే. చివరి ఆరూ వేరు.

తమ్ముళ్ళూ, అప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. బుధవారం నాడు ఆ స్టిక్కరు నిజమే చెబుతోంది. నేను బాగున్న బోర్డు పీకి, ఇంకో బోర్డు పెట్టి, ఆ స్టిక్కరుని అబద్ధం చేశాను. ఆ ఇంట్లో లోపమంటూ ఏదైనా ఉందంటే అది నేను చేతులారా చేసి పెట్టిందే.

వెంటనే భాయ్‌కి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. టైము ఒంటిగంట కావస్తోంది. మధ్యాహ్నం నమాజుకి వెళ్ళి ఉంటాడని గోడ గడియారం చూశాక గానీ నాకు తట్టలేదు. ఫోను జేబులో పెట్టుకుని మసీదులో నిలబడ్డ మనిషిని నేనేం చెయ్యను?

చాప మీద కూర్చున్న పదిమందీ నా వైపే చూస్తున్నారు. ఊరుకుంటే నెపం లైను మీదకి నెట్టేయొచ్చు. “భాయ్ ఫోను ఎత్తట్లేదమ్మా” అంటే చాలు, తప్పు ఆయన మీదకి పోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆ జరీ అంచు చీర చూసి మింగేశాను.

“అమ్మా, నేనొక మాట చెప్పాలి. పాత బోర్డు బాగానే ఉంది. పోలేదు. నాకు తెలియక, ఎవరినీ అడక్క, నేనే మార్చేశాను. దాని వల్లే ఇప్పుడీ తిప్పలు. తప్పు భాయ్‌ది కాదు, మిషనుది కాదు. నాది.”

ఆవిడ నన్ను బేరంలో చేప మొప్ప ఎత్తి చూసినట్టు చూసింది.

“అంటే, బాగున్న సేపని పారేసి ఇంకో సేప కోసినావన్నమాట.”

“అంతేనమ్మా.”

“సర్లే. ఇప్పుడు కూర ఉడుకుతాదా, ఉడకదా? అది సెప్పు.”

చాప మీద ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “ఉడుకుతుందమ్మా. భాయ్ నమాజు అయిపోవాలి, అంతే.”

“అయితే కూకో. నిలబడితే బేగయిపోతాదేటి?”

కూర్చున్నాను. ఒంటిగంట దాటింది. ఒంటిగంటా పది. అంతమంది ఆడవాళ్ళ మధ్య, చేతిలో ఫోను పట్టుకుని, నేను ఏ దేవుడికి దణ్ణం పెట్టానో ఆయనకి అర్థమయ్యే ఉంటుంది. ఒంటిగంటంపావు అయ్యాక ఫోను మోగింది.

“అరె భాయ్, ఇప్పటిదాకా నమాజులో ఉన్నాను. ఇన్ని కాల్సు? ఏమైంది?”

నంబరు చదివాను. ఈసారి టీవీ మీద చూసి చదివాను. ఒక్కో అక్షరం చదువుతుంటే చాప మీద ఆడవాళ్ళు నాతోపాటు అప్పజెప్పడం మొదలుపెట్టారు. అటువైపు భాయ్ నవ్వుతున్నాడు. “ఎక్కించినాను. నా సలాం చెప్పండి ఆ తల్లికి.”

పరీక్ష నొక్కాను. టిక్కు. టిక్కు. మూడో గడి దగ్గర చుక్కలు కదిలాయి, కదిలాయి, ఆగాయి.

టిక్కు.

వీడియోల యాప్ తెరిచి, పోటీ పేరు వెతికి, పెట్టాను. బొమ్మ ముందు గళ్ళుగళ్ళుగా వచ్చి, తర్వాత తేటపడింది. చెక్క వేదిక, ఇనప కడ్డీ, రెండు వైపులా ఎర్ర చక్రాలు. ఇంకెవరో అమ్మాయి ఎత్తి దించింది. తర్వాత పేరు పిలిచారు. వీధంతా ఒక్కసారి అరిచింది.

పొట్టిగా, గట్టిగా, అచ్చం తల్లి నిలబడ్డట్టే నిలబడ్డ పిల్ల. ఎడమ మోకాలికి లావుగా కట్టు.

“సన్నగైపోనాది,” అంది ఆవిడ. “బరువు తగ్గాలని నీళ్ళు కూడా తాగనిచ్చుండరు ఎదవలు.”

తెర మీద మూలన రాసి ఉన్నది నేను చదివి చెప్పాను. మొదటి ఛాన్సు మాకు కనెక్షన్ రాకముందే అయిపోయింది, ఎత్తింది. ఇది రెండోది. ఆవిడకి ఆ ఆట కంటితో చూడలేదన్న మాటే గానీ అంతా తెలుసు. “మూడు సాన్సులు బాబూ. ముందు భుజాల మీదకి తీత్తాది, తర్వాత నెత్తి మీదకి. పైన పట్టుకుని కదలకుండా ఉండాల. దించమని ఆళ్ళు సెప్పినాకే దించాల. ముందు దించీత్తే పోనాదే.”

ఆ పిల్ల కడ్డీ పట్టుకుంది. భుజాల మీదకి తెచ్చింది. మోకాలు వణికింది. నెత్తి మీదకి నెట్టబోయి, చెయ్యి వంగి, కడ్డీ ముందుకి పడిపోయింది. ధడేల్‌మన్న చప్పుడుకి చాప మీద అందరూ ఉలిక్కిపడ్డారు.

ఆవిడ నోరు కొంగుతో మూసుకుంది. హఠాత్తుగా లేచి, టీవీకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

“ఏమ్మా?”

“నా దిష్టే తగిలింది బాబూ. ఆరేళ్ళు నాను సూడనేదు, ఆరేళ్ళూ ఎత్తినాది. ఇయాల సూసినాను, పడీసింది. కన్నతల్లి దిష్టి మరీ సెడ్డది. నాను సూడను.”

నాకు ప్రాణం ఉసూరుమంది. “అమ్మా, ఇంత తిప్పలూ పడింది చూడ్డానికే కదా!”

“నువ్వు సూసి సెప్పు.”

పక్కింటావిడ బతిమాలింది, ఇంకొకామె చెయ్యి పట్టి లాగింది. ఆవిడ కదల్లేదు. నుదురు గోడకి ఆనించి నిలబడిపోయింది. అంతలో మళ్ళీ పేరు పిలిచారు. ఆఖరి ఛాన్సు.

సర్వీసు జీవితంలో ఎన్నో టీవీలు చూశాను గానీ బొమ్మ సరిగ్గా ఉందా లేదా అనే చూసేవాణ్ణి, బొమ్మలో ఏముందో పట్టించుకునేవాణ్ణి కాదు. ఆరోజు చూశాను. చూసింది చూసినట్టు గోడ వైపు తిరిగిన మనిషికి చెప్పాను.

“వచ్చిందమ్మా. చేతులకి పౌడరు రాసుకుంటోంది. కడ్డీ దగ్గరికి వచ్చింది. వంగింది. పట్టుకుంది. ఊపిరి తీసుకుంటోంది.”

“ఊఁ.”

“లేపింది. భుజాల మీదకి వచ్చేసిందమ్మా. లేస్తోంది... లేస్తోంది... మోకాలు... లేచింది! నిలబడింది.”

“ఊఁ, ఊఁ.”

“ఇంక నెత్తి మీదకి. ఆగింది. ఒక్క క్షణం... ఎత్తేసింది! అమ్మా, ఎత్తేసింది! చేతులు తిన్నగా ఉన్నాయి! ఇటు తిరుగమ్మా, తిరుగు, ఇంకా పైనే పట్టుకుని ఉంది!”

తిరిగింది. తెర నిండా కూతురు. చేతులు రెండూ పైకి, ఆ పైన కడ్డీ, మొహం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బి, కట్టు కట్టిన మోకాలు సన్నగా వణుకుతూ, కదలకుండా నిలబడి ఉంది. ఆరేళ్ళకి ఆ తల్లి కళ్ళబడ్డ బొమ్మ అది. దించమని అక్కడివాళ్ళు ఇంకా చెప్పలేదు.

ఆవిడ రెండు చేతులూ టీవీ వైపు చాపి, సముద్రం మీద బోటుకి కేక వేసినట్టు అరిచింది.

“సాలే తల్లీ! ఎత్తీసినావు! ఇంక దించీయే అమ్మా, దించీ!”

సరిగ్గా అప్పుడే దించమని బజరు మోగింది. ఆ పిల్ల కడ్డీ వదిలేసింది. తెర మీద మూడు తెల్ల లైట్లు వెలిగాయి, ఎత్తినట్టే లెక్క. వీధంతా లేచి గంతులేసింది, ఎవరో నా వీపు మీద చరిచారు, ఎవరిదో పసిపిల్ల ఏడుపు అందుకుంది. పతకం వచ్చిందా రాలేదా అన్నది సాయంత్రానికి గానీ తేలలేదు. వచ్చింది, మూడోది. కానీ అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ ఆ ధ్యాసే లేదు.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోనైనా తుడుచుకోలేదు.

“ఇనపడింది దానికి,” అంది. “నానన్నాను, దించీసింది. సూసినావా బాబూ?”

ఆ పెట్టెలోంచి బొమ్మ ఇటు రావడమే గానీ ఇక్కణ్ణించి మాట అటు పోదని నాకు తెలుసు. ఆ బొమ్మ కూడా నెట్లో పడి మా దగ్గరికి చేరేసరికి అర నిమిషం ఆలస్యమవుతుందని, అక్కడ ఆ పిల్ల ఎప్పుడో బరువు దించేసి వేదిక కూడా దిగిపోయి ఉంటుందని కూడా తెలుసు. ట్రైనింగులో బిర్యానీకి ముందు చెప్పిన సంగతి అది.

“చూశానమ్మా,” అన్నాను. “వినపడింది.”